గుమ్మం దాకా వెళ్ళి పిలుద్దాం

(పెన్షనర్ల దినోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మొన్న ఫోన్ చేసి, "డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం. హాలు కుదిరింది, వంటవాళ్ళు కుదిరారు, మైకు కుదిరింది. ఇక మనుషులు కుదరాలి. దాని గురించి మీరు ఒక అరగంట మాట్లాడాలి" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కానండీ అన్నాను. "ఊరంతటికీ శుభలేఖలు పంచిన చెయ్యి మీది. పిలుపు సంగతి మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నారు. ఆ మాటకు కాదనలేకపోయాను. పోస్ట్‌మన్‌గా చేరి, డిపార్టుమెంటు పరీక్ష రాసి గుమాస్తానై, చివరికి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరైనవాణ్ణి. అందులో మొదటి పదమూడేళ్ళు మన ఏలూరు వీధుల్లోనే సైకిలు మీద గడిచాయి. కాబట్టి నేను పుస్తకాల్లో చదివింది చెప్పను. గుమ్మాల దగ్గర చూసింది చెబుతాను.

మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖంలో, శ్రావణంలో పోస్ట్‌మన్ సంచి ఎలా ఉండేదో మనలో చాలామందికి తెలుసు. ఉత్తరాలకంటే శుభలేఖలే ఎక్కువ. నాలుగు మూలలా పసుపు పూసి, కవరు అంటించకుండా బుక్ పోస్టులో వచ్చేవి. సాయంత్రానికి మన వేళ్ళు కూడా పచ్చగా అయ్యేవి. ఆ శుభలేఖ అందుకున్న మనిషి మొదట ఏం చూస్తాడు? ముహూర్తం చూడడు. పెళ్ళికూతురు పేరు చూడడు. కవరు తిప్పి, తన పేరు ఎవరి చేతిరాతతో ఉందో చూస్తాడు. తెలిసిన చేతిరాత అయితే ముఖం విప్పారుతుంది. ప్రెస్సులో అచ్చయిన కార్డు మీద ఎవరో కుర్రాడి చేత వరసగా రాయించిన విలాసమైతే, అది తిన్నగా కిటికీ ఊచల్లోకి వెళ్ళిపోతుంది. అదే కార్డు కింద "అన్నయ్యా, నువ్వూ వదినా రెండు రోజుల ముందే రావాలి, నువ్వు లేకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు" అని రెండు ముక్కలు రాసి ఉంటే, ఆ ఇంట్లో ప్రయాణం ఆ క్షణమే మొదలయ్యేది.

ఇంకో సంగతి. ఊళ్ళోనే ఉన్నవాళ్ళకు శుభలేఖ పోస్టులో వస్తే, పాపం, పోస్ట్‌మనే మాట పడేవాడు. "నాలుగు వీధుల అవతల ఉండి, ఇంటికొచ్చి పిలవలేకపోయాడా? పోస్టులో పడేశాడా?" అని ఆ ఇంటి పెద్దావిడ నన్ను నిలదీసేది. నేనేం చెప్పను? మంచినీళ్ళిస్తే తాగి, సైకిలు ఎక్కేవాణ్ణి. కానీ ఆవిడ కోపంలో ఒక న్యాయం ఉంది. దూరాన ఉన్నవారికి కార్డు పంపడం మర్యాద. దగ్గరున్నవారిని గుమ్మంలోకి వెళ్ళి పిలవడం మర్యాద. దగ్గరున్నవారికి కూడా కార్డే పంపితే, మీరు దూరమైపోయారని చెప్పినట్టే.

మన వాళ్ళకు పిలుపంటే ఎంత పట్టింపో చూడండి. పెళ్ళి కుదరగానే ఆడవాళ్ళు కుంకుమభరిణె పట్టుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి, వీధి వీధంతా బొట్టు పెట్టి పిలిచి వస్తారు. మధ్యలో ఒక్క ఇల్లు తప్పిపోయిందా, ఆ మాట తరవాతి తరం దాకా నిలిచిపోతుంది. పేరంటానికి చిన్నపిల్లల్ని పంపి "అమ్మ రమ్మంది" అని చెప్పించినా చాలు, అది పిలుపే. పిలవని పేరంటం అన్న మాట మన నోళ్ళలో ఊరికే పుట్టలేదు. పురాణంలో చూస్తే, దక్షుడి యజ్ఞానికి పిలుపు లేకుండా వెళ్ళిన సతీదేవి ఎంత అవమానం పడిందో మనకు తెలుసు. భాగవతంలో రుక్మిణీదేవి కృష్ణుడికి కబురు పంపడానికి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుణ్ణి ఎంచుకుంది. ఆయన మోసుకెళ్ళింది ఒక్క సందేశమే కాదు. ఆ అమ్మాయి ముఖం చూసిన మనిషిగా వెళ్ళాడు, కృష్ణుడి సమాధానం విన్న మనిషిగా తిరిగి వచ్చాడు. పిలిచే పని మనిషి ద్వారా జరిగితే ఉండే బలం అది.

ఇక మన సంఘం సంగతికి వస్తాను. మనం ఏటా సర్క్యులర్ వేస్తున్నాం. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో కూడా పెడుతున్నాం. రెండూ అవసరమే. తేదీ, వేళ, స్థలం తెలియాలి కదా. కానీ మన గ్రూపు చూడండి. పొద్దున లేచేసరికి యాభై గులాబీలు, యాభై సూర్యోదయాలు, దేవుళ్ళ బొమ్మలు. వాటి మధ్య మన ఆహ్వానం మునిగిపోతుంది. చూసినవారు ఒక దండం బొమ్మ పెడతారు. ఆ దండానికి అర్థం వస్తామనా, రామనా, క్షేమంగా ఉన్నామనా? ఎవరికీ తెలియదు. అచ్చు కాగితం అందరికీ చెబుతుంది కాని ఎవరినీ పిలవదు. ఈ తేడా మనం గుర్తు పెట్టుకోవాలి.

మనవాళ్ళు సభలకు ఎందుకు రావడం లేదు? సంఘం మీద అభిమానం లేక కాదు. పోయిన ఏడాది నేనూ, నాతోపాటు రిటైరైన మరో మిత్రుడూ పవర్‌పేట, రామచంద్రరావుపేట, పడమర వీధి, తంగెళ్ళమూడి వైపు కొన్ని ఇళ్ళకు వెళ్ళి కూర్చున్నాం. కాఫీలు తాగుతూ విన్న కారణాలు మీ ముందు పెడతాను.

ఒకాయనకు చెవి వినపడదు. "మైకులో ఏం చెబుతున్నారో అర్థం కాదు, అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వాలి, అదేం బాగుంటుందయ్యా" అన్నారు. ఇంకొకాయనకు షుగరు. గంటకోసారి బాత్‌రూముకు వెళ్ళాలి. మనం పోయినసారి సభ పెట్టిన హాలు మేడ మీద, బాత్‌రూము కింద. ఆ మాట నలుగురిలో అడగలేక ఇంట్లోనే ఉండిపోయారు. ఒకాయనకు రాత్రి చూపు ఆనదు, చీకటి పడితే ఇంటికి చేరడం భయం. ఒకరి భార్య మంచం మీద ఉంది. ఆయన గుమ్మం దాటాలంటే ఎవరో ఒకరు ఆ రెండు గంటలూ కాపలా ఉండాలి. ఒకరు రెండేళ్ళ చందా బాకీ. సభకు వస్తే అందరి ముందూ అడుగుతారేమోనని జంకు.

వీటన్నిటికంటే నా మనసుకు తగిలింది వేరు. ప్యాకరుగా పనిచేసి రిటైరైన ఒక మిత్రుడు, "మీరంతా ఆఫీసర్లతో సమానంగా కుర్చీల్లో కూర్చుంటారు, నేను ఎక్కడ కూర్చోవాలి బాబూ?" అన్నాడు. సర్వీసులో ఉన్నప్పుడు కౌంటరు వెనక ఎవరి స్థానం వారిది, నిజమే. పెన్షన్ పుస్తకం చేతికొచ్చాక అందరిదీ ఒకే వరస. కానీ ఆ మాట ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని చెప్పాలి. సర్క్యులరు చెప్పలేదు. ఇంకో ఇంట్లో, "ఆయన ఉన్నప్పుడు మెంబరు. ఇప్పుడు నేనెవర్ని మీ సభకు రావడానికి?" అంది ఒక తల్లి. ఆవిడ ఫ్యామిలీ పెన్షనరు. సంఘంలో ఆవిడకు మనందరితో సమానమైన హక్కు ఉంది. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఆ తల్లి సంగతే కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే పిలవడం అంటే కుర్చీలు నింపుకోవడం మాత్రమే కాదని నాకు అక్కడ తెలిసింది.

ఆవిడ భర్త మాతో కలిసి బట్వాడా చేసిన పోస్ట్‌మన్. పోయి చాలా ఏళ్ళయింది. మేము సభకు పిలుద్దామని వెళ్ళాం. నాతోపాటు మా ఇంటావిడ కూడా వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ వంటింటి గుమ్మంలో కూర్చుని మాట్లాడుకుంటుంటే, మాటల్లో వయసు ప్రస్తావన వచ్చింది. "కృష్ణా పుష్కరాల సంగతి లెక్కేస్తే నాకు ఎనభై మూడు నిండాయమ్మా" అంది ఆవిడ. నాకు వెంటనే అనుమానం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకూ, ఫ్యామిలీ పెన్షనర్లకూ ఎనభై ఏళ్ళు నిండితే మూల పెన్షన్ మీద నూటికి 20 వంతున అదనపు పెన్షన్ రావాలి. ఎనభై అయిదుకు 30, తొంభైకి 40, తొంభై అయిదుకు 50 శాతం, నూరేళ్ళు నిండితే నూటికి నూరు. ఆరవ వేతన సంఘం సిఫార్సుల తరవాత వచ్చిన సదుపాయం ఇది. దీనికి డి.ఆర్. కూడా కలుస్తుంది. "పెద్దమ్మగారూ, పెన్షన్ పుస్తకం ఒకసారి చూపిస్తారా?" అని అడిగాను. ట్రంకు పెట్టెలోంచి, పాత చీర మడతలోంచి తీసి ఇచ్చింది. చూస్తే ఆ పెన్షన్ ఆర్డరులో భర్త పుట్టిన తేదీ ఉంది, ఆవిడ పుట్టిన తేదీ లేదు. తేదీ లేకపోతే కంప్యూటరుకు ఆవిడకు ఎనభై నిండినట్టు ఎలా తెలుస్తుంది? మూడేళ్ళకు పైగా ఆ అదనపు పెన్షన్ ఆవిడకు రాలేదు.

ఎవరిది లోపం అని నేను ఇప్పుడు విచారణ చెయ్యడం లేదు. పాత ఆర్డర్లలో భార్య పుట్టిన తేదీ రాయకపోవడం చాలాచోట్ల ఉంది. జరగవలసింది ఆ తేదీ నమోదు కావడం. మన సంఘం మిత్రులు ఆవిడ వయసుకు ఆధారమైన కాగితం సంపాదించి, దరఖాస్తు రాసి, వెంట తిరిగారు. కొన్ని నెలలు పట్టింది. చివరికి అదనపు పెన్షన్ మొదలైంది, పాత బకాయి వచ్చింది. ఆ డబ్బుతో ఆవిడ ముందుగా చేసిన పని కంటి ఆపరేషను. రెండో పని, మన సంఘం చందా కట్టడం. ఇవాళ ఆవిడ ఈ హాలులో మూడో వరసలో కూర్చుని ఉన్నారు. పేరు చెబితే కోప్పడతారు కాబట్టి చెప్పను.

ఆలోచించండి. మేము అర్జీ పట్టుకుని వెళ్ళలేదు. సహాయం చేస్తామని వెళ్ళలేదు. సభకు రమ్మని పిలవడానికి వెళ్ళాం. సర్క్యులరు పంపి ఊరుకుని ఉంటే ఆ ట్రంకు పెట్టె తెరుచుకునేదా?

రెండో వైపు కూడా చెప్పాలి. మనం పంపిన సర్క్యులర్లలో కొన్ని వెనక్కి వస్తాయి. "విలాసదారు ఇల్లు మారినారు", "తలుపు తాళం" లాంటి రిమార్కులు మనం స్వయంగా రాసినవే, మనకు కొత్త కాదు. పోయినసారి ఒకటి "విలాసదారు మరణించినారు" అని వచ్చింది. ఆయన మనతో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. పోయి అప్పటికి రెండు నెలలు దాటింది. కర్మకాండకు మనలో ఒక్కరూ వెళ్ళలేదు, ఎవరికీ తెలియలేదు కనుక. ఆ కవరులో ఉన్నది ఏమిటంటే, "తప్పక విచ్చేయ ప్రార్థన" అన్న మన ఆహ్వానం. ఎవరి వీధిలో వారు, ఏడాదికి రెండుసార్లు ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్ళే అలవాటు ఉంటే, ఇలాంటి కవరు మళ్ళీ మనకు రాదు.

డిసెంబరు 17 అసలు ఎందుకు మన పండుగ అయిందో పిల్లలకు చెప్పడానికైనా గుర్తు చేసుకుందాం. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షన్ లెక్కను మెరుగుపరిచింది. కానీ ఆ ఏడాది మార్చి 31కి ముందు రిటైరైనవారికి అది వర్తించదన్నది. ఒకే పని చేసి, ఒకే దేశానికి సేవ చేసి, రెండు రోజుల తేడాతో రిటైరైన ఇద్దరికి రెండు రకాల పెన్షన్. డి.ఎస్. నకారా అనే రిటైర్డు ఉద్యోగి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆయన రక్షణ మంత్రిత్వ శాఖలో పనిచేసినవారు. ఆయనతో పాటు సైన్యంలో చేసి రిటైరైన మరొకరు, మూడవ అర్జీదారుగా ఒక సంఘం. కోర్టు దాకా వెళ్ళే శక్తి లేని వేలమంది వృద్ధుల తరఫున ఆ సంఘం నిలబడింది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌గారు అధ్యక్షత వహించిన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1982 డిసెంబరు 17న తీర్పు ఇచ్చింది. జస్టిస్ డి.ఎ. దేశాయ్‌గారు రాసిన ఆ తీర్పు సారం మనందరికీ కంఠస్థమే. పెన్షన్ దయతో వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు. మనం గమనించవలసిందేమంటే, ఆ ముగ్గురు అర్జీదారుల్లో ఒకరు సంఘం. సంఘం అంటే లెటరుహెడ్డు కాదు కదా. ఒకరి బాధ ఇంకొకరికి తెలిసిన మనుషుల గుంపు. తెలియకపోతే సంఘం లేదు.

సరే, ఏం చెయ్యాలి? నాకు తోచిన పద్ధతి మనవి చేస్తాను. ఇది మన డిపార్టుమెంటు పద్ధతే, కొత్తది కాదు.

ఊరిని బీట్లుగా విడదీద్దాం. పోస్ట్‌మన్‌కు బీటు ఎలాగో, అలాగే. ఈ బీటులో ఫలానా మలుపు దగ్గర మొదలుపెట్టి ఫలానా గుడి దగ్గర ముగించాలి అన్నట్టు, నడిచే వరసలో సభ్యుల పేర్లు రాసుకుందాం. అక్షరక్రమంలో ఉన్న జాబితా రిజిస్టరుకు బాగుంటుంది, కాళ్ళకు పనికిరాదు. ఒక్కొక్కరికి నాలుగు ఇళ్ళు చాలు. నాలుగంటే ఎవరికీ భారం కాదు.

ఎవరింటికి ఎవరు వెళ్ళాలన్నది ముఖ్యం. అధ్యక్షులు, కార్యదర్శి అందరి ఇళ్ళకూ వెళ్ళనక్కరలేదు. కలిసి పనిచేసినవాడు వెళ్ళాలి. ఒకే బ్యాచిలో శిక్షణ పొందినవాడు, ఒకే సార్టింగు బల్ల దగ్గర నిలబడినవాడు, ఒకే టిఫిను క్యారియరులోంచి పంచుకు తిన్నవాడు. "ఒరేయ్, నువ్వు రాకపోతే నేనూ పోను" అని అనగలిగినవాడు ప్రతి ఒక్కరికీ ఈ ఊళ్ళో ఒకడు ఉంటాడు. ఆ ఒకణ్ణి కనిపెట్టడమే కార్యవర్గం పని. పెద్ద హోదాలో రిటైరైనవారు తమ దగ్గర కింది పనిలో చేసినవారి ఇంటికి స్వయంగా వెళ్ళి పిలిస్తే, ఇందాక నేను చెప్పిన ప్యాకరు మిత్రుడి ప్రశ్నకు అదే జవాబు.

దంపతులు ఉన్నచోట దంపతులుగా వెళ్ళండి. మన ఇళ్ళల్లో ప్రయాణం నిర్ణయించేది ఎవరో నేను చెప్పక్కరలేదు. వదినగారిని పిలిస్తే అన్నయ్యగారు ఎలాగూ వస్తారు. ఇక్కడ ఒక సున్నితమైన విషయం. బొట్టు పెట్టి పిలవడం మన ఆచారం. కానీ భర్త పోయిన అక్కచెల్లెళ్ళు ఆ ఆచారంలో పక్కన మిగిలిపోతున్నారు. మన ఫ్యామిలీ పెన్షనర్లు దాదాపు అందరూ వారే. కాబట్టి మన సంఘం పిలుపులో అందరికీ ఒకే పద్ధతి పెట్టుకుందాం. ఒక పండు చేతిలో పెట్టి, వరస కలిపి, పేరు పెట్టి పిలుద్దాం. మన ముస్లిం, క్రైస్తవ సోదరుల ఇళ్ళకూ అదే పద్ధతి సరిపోతుంది. ఎవరినీ వేరుగా చూసినట్టు ఉండదు.

వేళ చూసుకుని వెళ్ళండి. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చిన వేళ తలుపు కొట్టకండి. పొద్దున పదింటికో, సాయంత్రం నాలుగున్నరకో వెళితే మంచిది. ముందుగా ఫోన్ చెయ్యండి. అయితే తెలియని నెంబరు నుంచి ఫోన్ వస్తే మన పెద్దవాళ్ళు ఎత్తడం లేదు, ఎత్తకపోవడమే మంచిది. పోలీసులమని, బ్యాంకువాళ్ళమని, పెన్షన్ ఆఫీసని చెప్పి డబ్బు కాజేసే రోజులివి. అందుకే పిలిచే గొంతు వారికి తెలిసిన గొంతు కావాలి. ఆ మాట సందర్భంలోనే, ఫోనులో ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని కూడా వారికి గుర్తు చేసి రండి.

వట్టినే "రండి" అనకండి. "మీరు వస్తేనే ఈ పని జరుగుతుంది" అనండి. అబద్ధం చెప్పమనడం లేదు. నిజంగానే ఒక పని అప్పగించండి. ఒకరు పాత గ్రూపు ఫోటో తెచ్చి అందులో ఎవరెవరున్నారో చెప్పాలి. ఒకరు పద్యం పాడాలి. ఒకరు గుమ్మంలో రిజిస్టరు దగ్గర కూర్చోవాలి. ఒకరు వడ్డనలో పెరుగు చూసుకోవాలి. ప్రేక్షకుడిగా పిలిస్తే మోకాలు నొప్పి గుర్తొస్తుంది. పనికి పిలిస్తే మోకాలు కూడా కదులుతుంది.

రావడం, పోవడం మనమే చూడాలి. "17వ తేదీ తొమ్మిదిన్నరకు ఆటో తీసుకుని వస్తాను, గుమ్మంలో సిద్ధంగా ఉండండి, చీకటి పడకముందే దింపుతాను" అన్న ఒక్క మాట పది సర్క్యులర్లకు సమానం. ఈసారి హాలు కింది అంతస్తులోనే తీసుకున్నామని, బాత్‌రూము పక్కనే ఉందని కార్యదర్శిగారు చెప్పారు. ఆ సంగతి అడగకముందే మీరే చెప్పండి. వారు అడగరు. చెవి వినపడనివారికి ముందు వరసలో చోటు ఉంచుదాం, పక్కన ఒకరు కూర్చుని చెబుతుందాం. చందా బాకీ మాట ఆ రోజు ఎవరూ ఎత్తకూడదని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఈ పిలుపు నవంబరులో పెట్టుకుంటే ఇంకో లాభం ఉంది. మన లైఫ్ సర్టిఫికెట్ నెల అది. ఎనభై నిండినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. వెళ్ళిన ప్రతి ఇంట్లో "ఇచ్చారా?" అని అడగండి. నడవలేనివారికి మన పోస్ట్‌మనే ఇంటికి వచ్చి వేలిముద్రతో డిజిటల్ సర్టిఫికెట్ తీసే సదుపాయం 2020 నవంబరు నుంచి ఉంది. వేలిముద్రలు అరిగిపోయినవారికి ముఖం చూసి గుర్తించే పద్ధతి 2021లో వచ్చింది. మన వేళ్ళు అరిగిపోయాయంటే ఆశ్చర్యమేముంది? ఎన్ని వేల ఉత్తరాలు తిప్పిన వేళ్ళు! పెన్షన్ ఆర్డరులో భార్య పుట్టిన తేదీ ఉందా అని కూడా చూడండి. ఇందాకటి కథ మరో ఇంట్లో జరగకూడదు.

రాలేమంటే బలవంతం చెయ్యకండి. మంచం మీద భార్యను వదిలి రాలేని ఆయనను సభకు లాక్కురావడం మన ఉద్దేశం కాదు. ఆ ఇంట్లో ఇంకో పావుగంట కూర్చుని రండి. సభ అయిన మరునాడు స్వీటు పొట్లం పట్టుకుని వెళ్ళి, ఎవరు వచ్చారో, ఎవరు మిమ్మల్ని అడిగారో చెప్పండి. అంతటితో ఆయన కూడా సభలో ఉన్నట్టే.

పిలిచి పీట వెయ్యకపోతే, పిలవకపోవడం కంటే చెడ్డది. వచ్చినవారిని గుమ్మంలో పేరు పెట్టి పలకరించేవారు ఉండాలి. వచ్చినవారు ఒంటరిగా గోడవారన కూర్చోకూడదు. ఎవరు ఎవరిని తీసుకొచ్చారో వారే పక్కన కూర్చోవాలి. వేదిక మీది ప్రసంగాలు, నాదాంతో సహా, తగ్గించి, మాట్లాడుకోవడానికి ఒక గంట వదిలిపెట్టండి. మనవాళ్ళు ఉపన్యాసాల కోసం రారు, మనుషుల కోసం వస్తారు.

"మాకూ వయసు మీద పడింది, మేమెక్కడ తిరుగుతాం?" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. న్యాయమే. నడవగలిగినవారు నాలుగిళ్ళు నడవండి. నడవలేనివారు నలుగురికి ఫోన్ చెయ్యండి. ఫోను మాట సరిగా వినపడనివారు పోస్టుకార్డు రాయండి. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న కాణీకి మొదలైంది. ఇప్పటికీ దాని ధర అర్ధరూపాయే. టెలిగ్రాం 2013 జూలైలో సెలవు తీసుకుంది. రిజిస్టరు పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కార్డు ముక్క మాత్రం మనలాగే నిలబడి ఉంది. దాని మీద మీ చేతిరాతతో, వణుకుతున్న అక్షరాలైనా ఫరవాలేదు, "నీ కోసం ఎదురుచూస్తాను" అని రాయండి. పిన్‌కోడు మరిచిపోకండి. 534001 అని మనం కాక ఇంకెవరు సరిగ్గా రాస్తారు? ఆ కార్డు కిటికీ ఊచల్లోకి పోదు, దేవుడి పటం పక్కకు చేరుతుంది.

చివరగా ఒక పని. కార్యదర్శిగారు మీ అందరి కుర్చీల మీద తెల్లకాగితం, పెన్సిలు పెట్టించారు. దయచేసి లేవకముందే దాని మీద నాలుగు పేర్లు రాయండి. ఈ మధ్య సభలకు రానివారి పేర్లు. పేరు పక్కన ఇంటి గుర్తు, వారితో మీ పరిచయం ఏ ఆఫీసులో, ఏ సంవత్సరంలో అన్నది రాయండి. కింద మీ సంతకం పెట్టండి. ఒకే పేరు ఇద్దరు రాస్తే మరీ మంచిది, ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఎవరి కాగితంలోనూ లేని సభ్యుల పేర్లు కార్యదర్శిగారు రిజిస్టరు చూసి తీస్తారు. వారికోసం ముందుగా వెళ్ళవలసినవారం మనమే. ఎందుకంటే ఆ మనిషి ఎవరికీ గుర్తు రాలేదన్నమాట. అందులో మొదటి నాలుగు ఇళ్ళు నాకు ఇవ్వండి. సైకిలు ఇప్పుడు తొక్కలేను కాని, మా మనవడి స్కూటరు వెనక కూర్చుని వెళతాను.

కాగితాలు పై వరస నుంచి వసూలు చేస్తారు.